ఊరేగే దేవుడి లోహశాస్త్రం

భద్రాచలంలో ముక్కోటి ఏకాదశికి ముందురోజు సాయంత్రం గోదావరి మీద తెప్పోత్సవం చేస్తారు. హంస రూపంలో ముస్తాబు చేసిన తెప్ప మీద సీతాలక్ష్మణులతో కలిసి రాముడు నదీవిహారం చేస్తాడు. అదే సమయంలో గుట్టమీది గర్భాలయంలో, సీతమ్మను ఎడమ తొడ మీద కూర్చోబెట్టుకున్న నాలుగు చేతుల రాముడు తన చోటనే ఉంటాడు. ఆయన రాతి మూర్తి, మూలవిరాట్టు. తెప్ప ఎక్కి నది మీదికి వచ్చేవాడు, నవమినాడు జనసముద్రం ముందు సీతమ్మకు తాళి కట్టేవాడు లోహంతో పోతపోసిన ఉత్సవమూర్తి. అక్కణ్ణించి ఎగువకు పోతే దుమ్ముగూడెం. ఆ మండలంలోని పర్ణశాలలోనూ నవమికి కల్యాణం చేస్తారు. గుడిలో ఉండే దేవుడు వేరు, జనంలోకి వచ్చే దేవుడు వేరు అనే ఈ ఏర్పాటు దక్షిణాది ఆలయ వ్యవస్థకు ప్రాణం లాంటిది. జనంలోకి వచ్చే ఆ దేవుడి ఒంట్లో ఎంత రసాయన శాస్త్రం, ఎంత భౌతిక శాస్త్రం దాగి ఉన్నాయో ఈ అధ్యాయంలో చూద్దాం.

వైఖానస ఆగమం ఒకే దేవుడికి ఐదు మూర్తులు చెప్పింది. తిరుమలలో ఈ ఐదింటినీ నేటికీ చూడవచ్చు. కదలని ధ్రువమూర్తి గర్భగుడిలో ఉంటాడు. నిత్య అభిషేకానికి భోగ శ్రీనివాసుడు, కొలువుకు కొలువు శ్రీనివాసుడు, ఏడాదికోసారి కైశిక ద్వాదశి నాటి తెల్లవారుజామున మాత్రమే బయటికి వచ్చే ఉగ్ర శ్రీనివాసుడు, వాహనసేవలన్నిటికీ మలయప్ప స్వామి. భోగ శ్రీనివాసుడు వెండి మూర్తి. పల్లవ వంశపు రాణి సామవై ఆ మూర్తిని సమర్పించి, దాని పోషణకు భూములు రాసిచ్చిందని గుడి గోడ మీద శాసనమే ఉంది. ధ్రువమూర్తి తప్ప మిగతావన్నీ లోహమే. ఎందుకు లోహం? ఇది ఆగమానికి వేసే ప్రశ్న మాత్రమే అనుకోనక్కర్లేదు. పదార్థ శాస్త్రం దగ్గర కూడా దీనికి జవాబుంది.

మోసుకుపోవలసిన విగ్రహాన్ని తేలికైన పదార్థంతో చెయ్యాలని ఎవరికైనా తోస్తుంది. లెక్క చూస్తే వ్యవహారం తిరగబడుతుంది. ఒక ఘనసెంటీమీటరు గ్రానైటు సుమారు 2.7 గ్రాములు తూగుతుంది. అంతే కంచు 8.7 గ్రాముల వరకు తూగుతుంది, అంటే మూడు రెట్లకు పైనే. అయినా కంచు దేవుణ్ణి బోయీలు మోస్తారు, రాతి దేవుణ్ణి మొయ్యరు. కారణం తన్యత బలం. రాయి మీద ఎంత బరువు పెట్టినా ఓర్చుకుంటుంది గాని, లాగినా వంచినా విరుగుతుంది. గ్రానైటు చదరపు మిల్లీమీటరుకు పది న్యూటన్ల లాగుడు తట్టుకోవడమే కష్టం. పోతపోసిన కంచు రెండు వందలకు పైగా తట్టుకుంటుంది. అందుకే రాతి శిల్పి దేవుడి వెనక ఒక పలక వదిలేస్తాడు, చేతులను ఒంటికి దగ్గరగా ఉంచుతాడు, కాళ్ల మధ్య రాయిని పూర్తిగా తొలచడు. కంచు శిల్పికి ఆ భయాలేవీ లేవు. నడుము సన్నగా తియ్యవచ్చు, చెయ్యి గాలిలోకి చాచవచ్చు, నటరాజు జటలను రెండు పక్కలకూ విసిరేయవచ్చు. విడిగా తూస్తే బరువైన పదార్థమే, బొమ్మ మొత్తంగా చూస్తే తక్కువ బరువుతో పని కానిస్తుంది. పైగా భుజాల మీద కుదుపులకు పగలదు.

చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో వడక్కుప్పనైయూరు నుంచి వచ్చిన రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుల చోళకాలపు కంచు మూర్తులు ఉన్నాయి. భద్రాద్రి రాముణ్ణి ఎరిగినవాళ్లు చెన్నై వెళితే వాటి ముందు కాసేపు నిలబడాలి. రాముడి ఎడమచెయ్యి పైకి లేచి విల్లును పట్టుకునే భంగిమలో ఉంటుంది, కుడిచెయ్యి బాణం కోసం వేళ్లు ముడిచి కిందికి దిగి ఉంటుంది. చేతిలో విల్లు లేకపోయినా భుజం ఒరవడిలో విల్లు బరువు తెలుస్తుంది. ఇంత ఖాళీని, ఇంత గాలిని ఒంటి చుట్టూ నింపుకోవడం రాతితో అయ్యే పని కాదు.

చెక్క కూడా తేలికే కదా అంటారా? పూరీ జగన్నాథుడు చెక్క దేవుడే, రథయాత్రకు ఆయనే కదులుతాడు. కానీ చెక్క నీరు పీలుస్తుంది, పుచ్చుతుంది. అందుకే పూరీలో కొన్నేళ్లకోసారి కొత్త మూర్తులను చెయ్యాలి. 1996లో, మళ్లీ 2015లో నవకళేబర మహోత్సవం చేశారు. పాలు, పెరుగు, తేనె, పసుపునీళ్లతో అభిషేకాలు, ఊరేగింపులు, వానలు, అలంకారాలు అన్నీ భరించి వెయ్యేళ్లు నిలవాలంటే కంచును మించింది లేదు.

కంచు మూర్తులు అనగానే అందరి చూపూ కావేరి డెల్టా వైపు పోతుంది. అది న్యాయమే. పదో శతాబ్దం నుంచి పన్నెండో శతాబ్దం వరకు చోళ దేశంలో జరిగిన పని ప్రపంచ శిల్పకళలోనే శిఖరం. అయితే ఆ శిఖరానికి ఎక్కిన మెట్లలో తెలుగు నేల కూడా ఉంది. ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో జరిపిన తవ్వకాల్లో క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల నాటి బౌద్ధ మహాస్తూపంతో పాటు బుద్ధుడి కంచు విగ్రహం బయటపడింది. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు కూడా నేలకొండపల్లే. అమరావతిలోనూ, బుద్దాం ఊళ్లోనూ, శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలోనూ కంచు మూర్తులు దొరికాయి. అమరావతి నుంచి కంచు బుద్ధుడు సముద్రం దాటి ఆగ్నేయాసియాకు దారి చూపాడని కళాచరిత్రకారులు రాస్తుంటారు. కంచును పోతపోసి దేవుణ్ణి నిలబెట్టడం కృష్ణా గోదావరి తీరాల్లో చోళులకు ఎన్నో శతాబ్దాల ముందే తెలుసు. తర్వాతి కాలంలో వేంగి, తంజావూరు వియ్యమందుకున్నాయి. రాజరాజ చోళుడి కూతురు కుందవ్వ వేంగి విమలాదిత్యుడి భార్య. వాళ్ల కొడుకే నన్నయ్యకు ఆశ్రయమిచ్చిన రాజరాజ నరేంద్రుడు. ఆయన కొడుకు 1070లో కులోత్తుంగుడనే పేరుతో చోళ సింహాసనమే ఎక్కాడు. రాచకుటుంబాలు ఇంతగా కలిసిపోయిన చోట శిల్పులు, కంచరులు ఎవరి హద్దుల్లో వాళ్లు ఉండిపోయారని అనుకోలేం.

పని ఎలా చేసేవాళ్లో మన పొరుగు రాజొకాయన రాసిపెట్టాడు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడో సోమేశ్వరుడు 1127 నుంచి 1138 వరకు పాలించాడు. ఆయన పేరున ఉన్న ‘మానసోల్లాసం’ రాజులకు తెలియవలసిన సకల విషయాల సంస్కృత విజ్ఞాన సర్వస్వం. అందులో విగ్రహాల పోత గురించి సూటిగా, పనివాడికి చెప్పినట్టు చెప్పాడు. ముందు మైనంతో మూర్తి చెయ్యాలి. ఊకను మాడ్చిన బొగ్గు, సన్నగా తరిగిన పత్తి, కాస్త ఉప్పు మట్టిలో కలిపి రాతి మీద మెత్తగా నూరి ఆ మైనం మీద మూడు పూతలు పుయ్యాలి. మొదటి పూత పల్చగా పూసి నీడన ఆరనివ్వాలి. తర్వాత రెండోది, చివరికి దళసరిగా మూడోది. వేడి చేసి మైనాన్ని కార్చేసి, ఆ ఖాళీలోకి కరిగిన లోహాన్ని సన్నని ధారగా పొయ్యాలి.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకునేది ఒక చిన్న లెక్క. మైనానికి మట్టి పుయ్యక ముందే దాన్ని తూచాలంటాడు సోమేశ్వరుడు. ఇత్తడి, రాగి అయితే మైనం బరువుకు ఎనిమిది రెట్లు తీసుకోవాలి, వెండి అయితే పన్నెండు రెట్లు, బంగారమైతే పదహారు రెట్లు. ఇప్పుడు మన సాంద్రతల పట్టిక తీద్దాం. గుగ్గిలం కలిపిన తేనెమైనం సాంద్రత సుమారు 1. ఇత్తడిది 8.4 నుంచి 8.7 దాకా, రాగిది 8.9, వెండిది 10.5, మేలిమి బంగారానిది 19.3. ఇత్తడికి ఆయన లెక్క దాదాపు సరిపోతుంది, రాగికి కాస్త తగ్గుతుంది. వెండికి కొంచెం ఎక్కువే చెప్పాడు, పోతదారిలో నిలిచిపోయే లోహానికి అది పనికొస్తుంది. బంగారానికి పదహారు చాలాలంటే అందులో రాగో వెండో గణనీయంగా కలిసి ఉండాలి. అక్కడక్కడా తేడాలున్నా, మైనం ఆక్రమించిన జాగానే లోహం ఆక్రమిస్తుంది కాబట్టి బరువుల నిష్పత్తి సాంద్రతల నిష్పత్తే అవుతుందనే సూత్రం తొమ్మిది వందల ఏళ్ల కిందట పోత కొలిమి దగ్గర నిత్యం వాడుకలో ఉందని దీంతో తేలిపోతోంది. మూసలో లోహం చాలకపోతే పోత మధ్యలో ఆగుతుంది, దేవుడికి తల లేకుండా పోతుంది. కాబట్టి ఆ తూనిక తప్పనిసరి.

ఈ పనికి కావలసిన సరుకంతా ఒకప్పుడు అడవీ, నదీ ఇచ్చినవే. తేనెటీగ పొత్తికడుపు కింద గ్రంథుల నుంచి మైనం రేకులుగా ఊరుతుంది. ఒక కిలో మైనం తయారు కావడానికి ఈగలు ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె తిని ఉంటాయని సాధారణ అంచనా. దుమ్ముగూడెం చుట్టూ ఉన్న అడవుల్లో పెద్ద తేనెటీగల పట్లు కొట్టి తేనె పిండే కోయలకు ఆ మైనం విలువ తెలుసు. 62 నుంచి 64 డిగ్రీల వేడికి కరుగుతుంది, చేతి వెచ్చదనానికి మెత్తబడుతుంది, గోటి గీతను కూడా నిలుపుకుంటుంది. ఒట్టి మైనం మరీ మెత్తన, అందుకని గుగ్గిలం కలుపుతారు. పై పూతకు నది ఒండ్రు కావాలి. ఒండ్రు రేణువులు ఎంత సన్నవైతే దేవుడి కిరీటం మీది నగిషీ అంత స్పష్టంగా దిగుతుంది. మట్టిలో కలిపిన ఊక, పేడ కాలిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి. కరిగిన లోహం లోపలికి వచ్చేటప్పుడు గాలి ఆ రంధ్రాల గుండా బయటికి పోతుంది.

అచ్చును ఎర్రగా కాల్చడం వెనక ప్రాణభయం ఉంది. మట్టిలో చెమ్మ మిగిలితే, వెయ్యి డిగ్రీల లోహం తగలగానే అది ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే పరిమాణం సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. అచ్చు పేలి కరిగిన లోహం మనుషుల మీద పడుతుంది. అందుకే వేడి అచ్చును గొయ్యి తవ్వి నిలువుగా పాతి, చుట్టూ మట్టి గట్టిగా కూరి, మూతి మాత్రం పైకి ఉంచుతారు. అచ్చు వేడిగా ఉండడం వల్ల లోహం మధ్యలో గడ్డకట్టకుండా వేలి కొసల దాకా పారుతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే. అందుకే ఆ మూర్తి లాంటిది రెండోది ఉండదు. చోళ శిల్పులు చెయ్యాల్సిన నగిషీ అంతా మైనం దశలోనే ముగించేవాళ్లు, ఉలితో చేసే పని చాలా కొద్ది. ఇప్పటి విగ్రహాల్లో చాలావాటికి పోత తర్వాత ఉలి పని ఎక్కువ. చోళ మూర్తిలో కనబడే ఆ మెత్తని ఒంపు, మొలనూలు ఒంటికి అతుక్కున్న తీరు మైనం మీద వేళ్లు కదిలిన గుర్తులని నా నమ్మకం. ఉలికి ఆ మెత్తదనం రాదు.

చోళుల విగ్రహాలు చాలావరకు లోపలంతా లోహంతో నిండిన గట్టి పోతలు. దుమ్ముగూడెం అడవికి ఉత్తరాన బస్తరులో ఘడ్వాలు, ఆదిలాబాద్ జిల్లాల్లో ఓజలు చేసే డోక్రా పని దీనికి చుట్టమే గాని తీరు వేరు. వాళ్లు ముందు మట్టితో బొమ్మ చేస్తారు. దాని మీద మైనాన్ని సన్నని దారాలుగా సాగదీసి వరసలు వరసలుగా చుడతారు. దాని మీద మళ్లీ మట్టి. రెండు మట్టి పొరల మధ్య మైనం కరిగిపోయిన సందులోకి ఇత్తడి పారుతుంది. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి లోహం ఆదా. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోండుల, కోయల దేవతలూ రాజాధిరాజుల ఆలయాల దేవతలూ ఒకే కరిగే మైనం సూత్రంతో పుట్టారన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కవలసింది.

తెలుగు నేల మీద పోతతో పాటు రేకు పని కూడా ఉంది. తిరుమల గుడిలో మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలుచుంటారు. ఆ మూడు విగ్రహాలూ రాగి రేకును లోపలి నుంచి కొట్టి ఉబ్బించి చేసినవి. పెంబర్తి కంచరుల చేతిలో నేటికీ బతికి ఉన్నది ఆ విద్యే.

ఇక లోహం లోపలికి వెళదాం. పంచలోహం అంటే రాగి, తగరం లేదా ఇత్తడి, సీసం, వెండి, బంగారం అని సంప్రదాయం. అసలు మూర్తుల్లో ఏముందో తేల్చిన వాళ్లలో ముఖ్యురాలు బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థకు చెందిన శారదా శ్రీనివాసన్. 1990లలో లండన్‌లో పరిశోధన చేస్తూ ఆమె వందకు పైగా దక్షిణ భారత మూర్తుల నుంచి చిటికెడు లోహపు పొడి తీసి విశ్లేషించారు. చోళకాలపు మూర్తుల్లో ఎక్కువ భాగం సీసం కలిసిన కంచు అని తేలింది. అంటే రాగి, తగరం, సీసం. తగరం సాధారణంగా 15 శాతం దాటదు. వెండి, బంగారం ఉన్నా లేశమాత్రమే.

ఆ 15 శాతం గీత కాకతాళీయం కాదు. రాగిలో తగరం అంతవరకే మెత్తగా ఇమిడిపోతుంది. అంతకు మించితే లోహంలో గట్టి, పెళుసు కణికలు పుడతాయి. గుడి గంటకు ఇరవై శాతం పైన తగరం కలుపుతారు, ఆ గట్టిదనం వల్లే గంట ఖంగున మోగుతుంది, పడేస్తే పగులుతుంది కూడా. భుజాల మీద ఊగే దేవుడికి మోగే గుణం అక్కర్లేదు, పగలని గుణం కావాలి. రాగి ఒక్కటే కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలి. పది శాతం తగరం కలిపితే సుమారు వెయ్యి డిగ్రీలకే పూర్తిగా ద్రవమవుతుంది, తిత్తులు ఊదేవాళ్లకు, బొగ్గుకు ఆ తేడా చిన్నది కాదు. సీసం తీరు వేరు. అది గట్టిపడిన రాగిలో కరగదు, 327 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండి సన్నని బొట్లుగా చిక్కుకుంటుంది. సానపట్టిన కంచు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే రాగి కొమ్మలు కొమ్మలుగా పెరిగిన చెట్ల ఆకారాలూ, వాటి సందుల్లో నల్లని సీసపు చుక్కలూ కనబడతాయి. పోతలో లోహం ధారాళంగా పారడానికి, గట్టిపడేటప్పుడు ఏర్పడే సూక్ష్మ రంధ్రాలు నిండడానికి ఈ సీసం తోడ్పడుతుంది.

అదే సీసం మరో సాక్ష్యం కూడా చెబుతుంది. సీసానికి నాలుగు స్థిర ఐసోటోపులు. వాటిలో 206, 207, 208 యురేనియం, థోరియం క్షీణించగా క్రమంగా పెరుగుతూ వచ్చాయి, 204 మాత్రం మొదటి నుంచీ అంతే. ఏ గనిలో ఖనిజం ఏ కాలంలో ఏర్పడిందో దాన్ని బట్టి ఈ నిష్పత్తులు మారతాయి. కరిగించినా, పోతపోసినా, వందల ఏళ్లు పూజ చేసినా ఆ నిష్పత్తి చెక్కుచెదరదు. దాన్ని కొలిచి శారదా శ్రీనివాసన్ మూర్తులను కాలాల వారీగా గుంపులు కట్టగలిగారు. చోళులవని అనుకున్న నటరాజ మూర్తుల్లో కొన్ని ఇంకా ముందటి పల్లవ కాలానివని వాదించారు.

లోహం ఎక్కణ్ణించి వచ్చేది? కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సుంకం వేసే సరుకుల్లో చందనం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతాలతో పాటు రాగి, తుత్తునాగం, సీసం ఉన్నాయి. సముద్రం మీద కావలసినంత లోహం వచ్చిపోయేదన్నమాట. రాగి ఖనిజం కొత్తగూడెం దగ్గర మైలారంలోనూ ఉంది, పల్నాడులోని అగ్నిగుండాలలో రాగీ సీసమూ రెండూ ఉన్నాయి. తగరం దక్షిణాదిలో అరుదు, ఆగ్నేయాసియా నుంచి దిగుమతి అయ్యేది. నేడు మన దేశంలో దొరికే తగరం దాదాపు అంతా దుమ్ముగూడెం అడవికి ఆవలివైపు, ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ, సుక్మా జిల్లాల నుంచి వస్తోంది. అక్కడి ఆదివాసీలు వాగుల ఇసుకను పళ్లాల్లో జాలించి నల్లని బరువైన తగరపు రాయిని వేరు చేస్తారు.

బంగారం మాటకు వద్దాం, ఎందుకంటే దాని వల్లే నష్టం జరుగుతోంది. పోత పోసే రోజు భక్తులు ఉంగరమో ముక్కుపుడకో తీసి మూసలో వేసే ఆచారం ఉంది. యాభై కిలోల మూర్తికి ఐదు గ్రాముల బంగారం కలిస్తే అది 0.01 శాతం. లోహం గుణాన్ని అది మార్చదు. ఇచ్చినవాళ్లకూ ఆ మూర్తికీ ముడి మాత్రం పడుతుంది, ఆ భావన నాకు ఎంతో గౌరవనీయం. కానీ పంచలోహ విగ్రహంలో కిలోల కొద్దీ బంగారం ఉందన్న పుకారుతో దొంగలు వాటిని ఎత్తుకుపోయి కరిగించిన ఉదంతాలు ఉన్నాయి. దీనికి తోడు మన రెండు రాష్ట్రాల్లో ‘రైస్ పుల్లింగ్’ మోసం ఒకటి. పిడుగు పడిన పాత రాగి చెంబు, గుడి కలశం ఇరిడియంగా మారుతుందనీ, బియ్యపు గింజల్ని లాగుతుందనీ, కోట్లు పలుకుతుందనీ నమ్మిస్తారు. రాగి పరమాణువులో 29 ప్రోటాన్లు, ఇరిడియంలో 77. పిడుగు ఎంత పెద్దదైనా రాగి కేంద్రకాన్ని ఇరిడియంగా మార్చలేదు. ఇరిడియానికి బియ్యాన్ని ఆకర్షించే గుణం అసలు లేదు. ఈ అబద్ధం నమ్మి ఆస్తులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, కలశాలు పోగొట్టుకున్న గుళ్లు ఉన్నాయి.

దొంగలే కాదు, తేమ కూడా శత్రువే. కంచు గాలిలో నెమ్మదిగా గోధుమరంగుకు, మట్టిలో ఉంటే పచ్చరంగుకు తిరుగుతుంది. గట్టిగా, నునుపుగా అంటుకున్న ఆ పచ్చదనం రాగి కార్బొనేటు, లోపలి లోహానికి అది కవచం. ప్రమాదం లేతాకుపచ్చ పొడి రూపంలో వస్తుంది. ఉప్పు తగిలిన లోహంలో రాగి క్లోరైడు చేరుతుంది. గాలిలో తేమ తగలగానే అది ఆక్సిజన్‌తో కలిసి పొడిగా మారుతూ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం కొత్త లోహాన్ని తిని మళ్లీ క్లోరైడు తయారు చేస్తుంది. ఇలా చక్రం తిరుగుతూ విగ్రహం లోపలికంటా గుల్ల అవుతుంది. సాపేక్ష ఆర్ద్రత నలభై శాతం దాటితే చాలు ఇది మొదలవుతుంది. గోదావరి ఒడ్డున వానాకాలంలో తేమ ఎంత ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పాలా? 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు పొంగింది. ముంపులో బురద పట్టిన లోహ విగ్రహాన్ని మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే అలంకరించాలి.

అభిషేకం సంగతీ అంతే. కళాయి లేని రాగి గిన్నెలో పెరుగు ఉంచితే చిలుమెక్కుతుందని మన వంటిళ్లలో అందరికీ తెలుసు. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం, తోమడానికి వాడే చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పై పొరను కరిగించి కొత్త లోహాన్ని బయటపెడతాయి. వందల ఏళ్లు ఇలా తోమిన మూర్తుల ముక్కు, పెదవులు, కళ్లు నునుపై గీతలు చెరిగిపోయాయి. అభిషేకం ఆపమని నేననను. ఆ మూర్తి పుట్టిందే అభిషేకం కోసం. అభిషేకం కాగానే శుద్ధజలంతో బాగా కడిగి మెత్తని బట్టతో తడి లేకుండా తుడవడం, ఇటుకపొడితోనూ బజారు పాలిష్ ద్రావకాలతోనూ తోమకపోవడం అర్చకుడి చేతిలోని పని.

తంజావూరు పెద్దగుడి 1010 నాటికి పూర్తయ్యింది. ఆ గోడల మీద రాజరాజు, ఆయన అక్క కుందవై, అధికారులు సమర్పించిన అరవైకి పైగా లోహ మూర్తుల వివరాలు చెక్కించారు. మూర్తి ఎత్తు వేళ్ల లెక్కలో ఎంత, చేతులెన్ని, పీఠం ఎలాంటిది, గట్టి పోతా బోలు పోతా అని ఒక్కొక్కటీ రాసి ఉంది. ఆ మూర్తుల్లో మిగిలినవి చాలా కొద్ది. అవి పోయినా అవి ఉండేవని మనకు తెలియడం ఆ పట్టిక పుణ్యమే. ఇరవయ్యో శతాబ్దంలో ఇలాంటి పనే పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థ చేసింది. తమిళనాడు గుళ్లలో తిరిగి వేలాది మూర్తులను ఫొటోలు తీసింది. శ్రీపురందాన్ గుడి నుంచి దొంగిలించిన నటరాజును ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2008లో 50 లక్షల డాలర్లకు పైగా పోసి కొన్నది. ఆ మూర్తి ఆ గుడిదేనని నిరూపించడానికి 1994లో తీసిన ఫొటో అక్కరకు వచ్చింది. 2014 సెప్టెంబరులో నటరాజు మన దేశానికి తిరిగొచ్చాడు. ఫొటో లేని దేవుడు తిరిగి రాడు.

దుమ్ముగూడెం, చర్ల, అశ్వాపురం, మణుగూరు వైపు ఊళ్లలో ఉన్నవాళ్లకు ఒక విన్నపం. మీ రామాలయంలో, శివాలయంలో, గ్రామదేవత గుడిలో లోహ విగ్రహాలు ఉంటే నగలు, వస్త్రాలు తీసిన సమయంలో అర్చకుల, పెద్దల అనుమతితో ముందు, వెనక, రెండు పక్కలు, పీఠం అడుగు ఫొటోలు తీయించండి. ఎత్తు సెంటీమీటర్లలో, బరువు కిలోల్లో రాయండి. పగుళ్లు, అతుకులు, రాతలు ఉంటే దగ్గరగా తీయండి. ఒక ప్రతి గుడిలో, ఒకటి పంచాయతీలో, ఒకటి దేవాదాయ శాఖ దగ్గర ఉంచండి. వందేళ్లు దాటిన లోహ శిల్పాలను 1972 పురావస్తు చట్టం కింద నమోదు చేయించాలి. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో విగ్రహం దొరికితే తోమకండి, గీరకండి, మట్టి అంటుకుని ఉన్నట్టే ఉంచండి. దాని చుట్టూ ఉన్న మట్టి, కుండ పెంకులు, దొరికిన లోతు కూడా చరిత్రే. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి, తహసీల్దారు కార్యాలయంలో చెబితే అక్కణ్ణించి కబురు వెళుతుంది.